మూడో వంతు ఖాళీగా ఉన్న బస్సు

2020 మార్చి నెలాఖరులో, లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే, నాకు యూనివర్సిటీ క్యాంపస్‌లో డ్యూటీ పడింది. అప్పటికి నేను తార్నాక దగ్గర ఒక సిటీ బస్సు డిపోలో చీఫ్ ఇన్‌స్పెక్టర్‌ని. డిపోకి పెద్ద డిపో మేనేజరు. ఆ కింద బస్సుల రిపేర్లు చూడడానికి గ్యారేజీ ఇన్‌ఛార్జి, వాటిని రోడ్డు మీద తిప్పడానికి చీఫ్ ఇన్‌స్పెక్టరు ఉంటారు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, దాని మీద ఏ డ్రైవరు, ఏ కండక్టరు వెళ్ళాలి అని రాసే కాగితాన్ని మేము చార్టు అంటాం. ముప్ఫై మూడేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పమంటే, చార్టు వేయడం. పదవీ విరమణకి ఇంకా తొమ్మిది నెలలుంది.

ఊళ్ళో బస్సులన్నీ ఆపేశారు. ఆటోలు లేవు, మెట్రో లేదు. కానీ ఆసుపత్రులు ఆగవు కదా. సికింద్రాబాద్ వైపు ఉన్న ఒక పెద్దాసుపత్రికి పొద్దున ఏడింటి షిఫ్టుకు వార్డు ఆయాలు, ఊడ్చేవాళ్ళు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు వెళ్ళాలి. డాక్టర్లకు కార్లుంటాయి, నర్సుల్లో చాలామందికి స్కూటీలున్నాయి. ఈ మిగతావాళ్ళకు బస్సే దిక్కు. వాళ్ళ కోసం రెండు బస్సులు అడిగారు. మా డిపో మేనేజరు గారు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నావిడ. ఫోన్ చేసి, "మీరే చూసుకోండి సార్, వేరేవాళ్ళయితే నాకు నిద్ర పట్టదు" అన్నారు. పొగడ్తకి పొంగిపోయే వయసు దాటిందనుకున్నాను గానీ, పొంగిపోయాను.

రూటు ఇది. రామంతాపూర్‌లో బయల్దేరి, హబ్సిగూడ, తార్నాక మీదుగా క్యాంపస్‌లోకి వచ్చి, సీతాఫల్‌మండి వైపు దిగి ఆసుపత్రికి. మొదటి బస్సు ఆరింటికి, రెండోది ఆరూ ఇరవైకి. క్యాంపస్ లోపలి బస్‌స్టాపులో ఒక టేబులు, కుర్చీ వేసుకుని నేను కూర్చున్నాను. మామూలు రోజుల్లో ఆ రోడ్డు మీద తార్నాక వాకింగ్ బృందాలు, పుస్తకం చేత్తో పట్టుకుని పోటీ పరీక్షలకు బట్టీ పట్టే పిల్లలు, టీ బండ్లు. ఇప్పుడు హాస్టళ్ళు ఖాళీ, గేట్లు బంద్. నెమళ్ళు మాత్రం డివైడరు మీద దర్జాగా నడిచి వచ్చేవి. సెక్యూరిటీ వాళ్ళు వాటిని పాసు అడగలేదు.

టిక్కెట్లు లేవు. కండక్టరు పని ఆసుపత్రి గుర్తింపు కార్డు చూసి ఎక్కించుకోవడం, చేతిలో శానిటైజర్ పోయడం. మొదటి బస్సు కండక్టరు స్వరూప. ఊరు జనగామ వైపు. పదేళ్ళ సర్వీసు, మాట మొహం మీదే అనేసే మనిషి. మొదటి బస్సులో పదిహేను మంది, రెండో బస్సులో పదమూడు మంది. ఇద్దరు కూర్చునే సీటుకి ఒక్కరు చొప్పున కిటికీల పక్కన కూర్చునేవాళ్ళు. ఎనిమిది రోజులు గడియారంలా నడిచింది.

అయినా నాకు మనసులో ముల్లు. అది అర్థం కావాలంటే మా వృత్తిలో ఒక సంగతి తెలియాలి. బస్సులో ఉన్న సీట్లలో నూటికి ఎన్ని నిండాయో చెప్పే లెక్కని మేము ఓఆర్ అంటాం. డిపో మంచిదా చెడ్డదా, చీఫ్ ఇన్‌స్పెక్టరు సమర్థుడా కాదా అన్నది ఆ అంకె మీదే తేలుతుంది. చేరిన మొదటి వారంలోనే మాకు నూరిపోసేది ఒక్కటే, ఖాళీ బండి తిప్పడం పాపమని. వరసగా రెండు బస్సులు సగం సగం ఖాళీగా వెళ్తుంటే ఒకదాన్ని ఆపి, ఆ జనాన్ని రెండోదానిలో ఎక్కించాలి. దీన్ని ట్రిప్పులు క్లబ్బు చేయడం అంటారు. ఆ విద్యలో నాకు కాస్త పేరుండేది. "మా సార్‌కు ఖాళీ సీటు కనవడితే అన్నం సయించది" అని డ్రైవర్లు నా వెనకాల నవ్వుకునేవాళ్ళని నాకు తెలుసు. అది విని నేను లోలోపల సంతోషించేవాణ్ణని వాళ్ళకి తెలియదు.

తొమ్మిదో రోజు తెల్లారి రెండో బస్సు డ్రైవరు ఫోన్ చేశాడు. వాళ్ళ గల్లీకి రెండు వైపులా బ్యారికేడ్లు పెట్టేశారట, పోలీసులు వదలడం లేదు. నా దగ్గర స్పేర్ డ్రైవర్ల జాబితా ఉంది. హబ్సిగూడలోనే ఉండే ఒకతను అరగంటలో వచ్చి ఉండేవాడు. నేను జాబితా తియ్యలేదు. అలవాటైన చెయ్యి కదా, రెండో ట్రిప్పు మీద గీత కొట్టి, ఆరుంబావుకి ఒకే బస్సని చార్టు దిద్దేశాను. నిమిషం పట్టలేదు. నలభై రెండు సీట్ల బస్సులో ఇరవై ఎనిమిది మంది అంటే మా లెక్కలో మూడో వంతు ఇంకా ఖాళీయే.

బస్సు క్యాంపస్ స్టాపుకి వచ్చేసరికి స్వరూప ఫుట్‌బోర్డు మీదే నిలబడి ఉంది.

"సార్, గిదేంది? రెండు బండ్ల మంది ఒక్క బండ్ల పోతున్నరు. పక్కపక్కకు కూసుంటున్నరు."

"ఈ ఒక్కరోజుకే అమ్మా. డ్రైవరు లేడు. ఎవరూ నిలబడలేదు కదా?"

"నిలవడలే. గానీ సార్, ఇప్పుడు నిండితే మంచిదా, ఖాళీగుంటే మంచిదా?"

నేను వాచీ చూసుకుని విజిల్ ఊదాను. జవాబు చెప్పవలసిన ప్రశ్న అని కూడా నాకు తోచలేదు.

ఆ మర్నాడు డ్రైవరు పాసు తెచ్చుకుని డ్యూటీకి వచ్చాడు. ఇక్కడే అసలు తప్పు జరిగింది. మొదటి రోజుది తొందరపాటు అనుకుందాం. రెండో రోజు నాకు డ్రైవరున్నాడు, బస్సుంది, డీజిలుంది. అయినా రెండో ట్రిప్పు తిరిగి పెట్టలేదు. నిన్న సజావుగా నడిచింది కదా, రెండు బస్సులెందుకు అనుకున్నాను. పై నుంచి ఆర్డరు లేదు, నేను అడగనూ లేదు. అలా నాలుగు రోజులు నడిపాను. రోజూ పొద్దున నిండుగా వచ్చే బస్సుని చూస్తే కంటికి ఇంపుగా ఉండేది. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, అది నిజం.

నాలుగో రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా బస్సులో రామంతాపూర్‌లో ఎక్కే సెక్యూరిటీ గార్డుకి జ్వరం వచ్చింది, పరీక్షలో కరోనా అని తేలింది.

మర్నాడు పొద్దున బస్సు కదలలేదు. ఆరోగ్య శాఖ నుంచి ఒక కుర్ర డాక్టరు క్యాంపస్ స్టాపుకి వచ్చాడు. మేము ఆరేసి అడుగుల దూరంలో నిలబడ్డాం. మొదటి బస్సు డ్రైవరు సత్తయ్య, స్వరూప, నేను. జ్వరం రావడానికి ముందు మూడు నాలుగు రోజుల్లో ఆ గార్డు పక్కన, ముందు, వెనక ఎవరెవరు కూర్చున్నారో చెప్పమన్నాడు డాక్టరు. బస్సులో ఆ లెక్క ఎవరు పెట్టుకుంటారు అని నేననేలోగా స్వరూప మొదలుపెట్టింది.

"రోజు ఎక్కేటోళ్ళకు ఎవల సీటు వాళ్ళకుంటది సార్. ఆయనది ఎడమదిక్కు ఎనకకెళ్ళి మూడోది. ముంగట ఆడమనిషి, వార్డుల చేస్తది. ఎనక ఒక పెద్దమనిషి. ఇటు పక్క సీట్ల ఊడ్సే పిల్ల ఒకతి. డ్రైవర్ ఎనక రెండో సీట్ల ఎల్లమ్మ. ఆమెకు మోకాళ్ళ నొప్పి, లోపలికి రాదు."

పదిహేను మందినీ కళ్ళు మూసుకుని సీటు సీటుగా చెప్పేసింది. డాక్టరు రాసుకుంటూ సంతోషపడ్డాడు. ఇలా చెప్పేవాళ్ళుంటే మా పని సగం తీరినట్టే, అయితే ఈ ముగ్గురిని పద్నాలుగు రోజులు ఇంట్లో ఉంచితే చాలు అన్నాడు.

"గది ముందటి సంగతి సార్," అంది స్వరూప. నా వైపు చూడలేదు. "ఈ నాలుగు దినాలు రెండు బండ్లోళ్ళు కలిసిన్రు. ఎవల సీట్ల ఎవలు కూసున్నరో నాకు దెల్వది. ఆయన సుత రోజుకో తాన కూసున్నడు."

డాక్టరు కలం మూతపెట్టాడు. ఎవరో తెలియనప్పుడు అందరినీ అనుకోవలసిందే. గార్డు పోను మిగతా ఇరవై ఏడు మంది, సత్తయ్య, స్వరూప, రోజూ ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి నేను, అందరం పద్నాలుగు రోజులు ఇళ్ళల్లో ఉండాలన్నాడు. ఆసుపత్రికి పొద్దుటి షిఫ్టులో ఒక్కసారిగా అంతమంది తగ్గిపోయారు. ముగ్గురితో పోయేదాన్ని ఇరవై ఏడు మంది దాకా తెచ్చినవాణ్ణి నేను. నాకు తలకొట్టేసినట్టయింది.

అప్పటికే స్టాపు దగ్గరికి వచ్చి, బస్సు లేదని తెలిసి దూరంగా గట్టు మీద కూర్చుంది ఎల్లమ్మ. క్యాంపస్ వెనక బస్తీలో ఉంటుంది. యాభై దాటిన మనిషి, ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో ఆయా. కాంట్రాక్టు ఉద్యోగం. డాక్టరు వెళ్ళాక కొంగు మూతికి అడ్డం పెట్టుకుని అక్కడి నుంచే అడిగింది.

"సారూ, పద్నాలుగు దినాలు ఇంట్లుండమన్నరు, ఉంట. కాగితమిస్తరట, కాంట్రాక్టరుకు జూపిస్త. ఆ తర్వాత బస్సుంటదా? అది చెప్పున్రి."

"చూద్దాం అమ్మా" అన్నాను.

"చూద్దాం అంటే కాదు సారూ. ఈ కాళ్ళతోని నడిచి పోలేను. పోకపోతే ఇంకొకల్లను వెట్టుకుంటరు. నాకు ఒక్క దినం తప్పితే నౌకరీ తప్పినట్టే."

ఇరవై ఏడు మందిలో చాలామంది పరిస్థితి ఇదే. రామంతాపూర్ వాళ్ళకయితే నడక ఊహించడానికి కూడా లేదు.

మధ్యాహ్నం డిపో మేనేజరు గారి ఫోను వచ్చింది. పై ఆఫీసులో ఈ సర్వీసు ఆపేద్దామనే అంటున్నారట. నిజానికి ఊరంతా అదే మాట. మా అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ప్రొఫెసరు గారు బాల్కనీలోంచే నాతో వాదించేవారు. "ఒక్క బస్సు చాలండీ ఊరంతా అంటించడానికి. బస్సు అంటే చక్రాల మీద గుంపు" అనేవారు. పెద్దాయన మాటని తీసిపారేయలేను. ఆ నాలుగు రోజులు మా బస్సు అలాగే నడిచింది మరి.

మేనేజరు గారు సాయంత్రంలోగా నన్ను రిపోర్టు పంపమన్నారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "లోడు తక్కువ, రిస్కు ఎక్కువ, సర్వీసు ఉపసంహరించవచ్చు అని రెండు లైన్లు రాసేయండి సార్. ఎవరూ ఏమీ అడగరు. తొమ్మిది నెలల్లో రిటైరవుతున్నారు, ఇప్పుడు మీకెందుకు?" అన్నారు. ఆవిడ నా మేలు కోరే అన్నారు. అందులో సందేహం లేదు.

ఇంటికి వచ్చి ముందు గదిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. శారద భోజనం స్టూలు మీద పెట్టి, దూరంగా గుమ్మం దగ్గర కూర్చుంది. నా భార్యకి బస్సుల సంగతి నాకంటే ఎక్కువ తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా వింటోంది కాబట్టి. జరిగిందంతా చెప్పాను.

"అంటే తప్పు బస్సుదా, మీదా?" అని అడిగింది.

"నాదే."

"మరి ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటారా? మీ తప్పు మీరు రాయండి. అన్నం చల్లారిపోతోంది."

రిపోర్టులో సామెతలు రాయకూడదు. మిగతాది రాశాను. మా ఆఫీసు పద్ధతిలో మూడు పేరాలు. మొదటి పేరాలో, ఎనిమిది రోజులు రెండు బస్సులు సీటుకి ఒక్కరు చొప్పున నడిచాయని, ఎవరు ఎక్కడ కూర్చున్నారో కండక్టరు సీటు సీటుగా చెప్పగలిగిందని. రెండో పేరాలో, తర్వాత నాలుగు రోజులు పై అధికారుల అనుమతి లేకుండా, స్పేర్ డ్రైవరు అందుబాటులో ఉండి కూడా, కండక్టరు హెచ్చరించినా వినకుండా, చీఫ్ ఇన్‌స్పెక్టరు రెండు ట్రిప్పులు క్లబ్బు చేశాడని. అలా చేయకపోతే ముగ్గురిని ఇంట్లో ఉంచితే సరిపోయేదని, ఇప్పుడు ఇరవై ఏడు మందిని ఉంచవలసి వచ్చిందని. మూడో పేరాలో, సర్వీసు ఆపనక్కరలేదని, రెండింటికి బదులు మూడు బస్సులు వేసి, సీటుకి ఒక్కరిని, రోజూ అదే సీటులో, పేరు రాసుకుని కూర్చోబెడితే మళ్ళీ ఎవరికైనా వస్తే వాళ్ళ చుట్టుపక్కల వాళ్ళని మాత్రమే ఆపి, మిగతావాళ్ళని పనికి పంపవచ్చని.

రిపోర్టు చదివి మేనేజరు గారు ఫోన్ చేశారు.

"రెండో పేరా తీసేద్దాం సార్."

"తీసేస్తే మూడో పేరాకి ఆధారం ఉండదు మేడమ్. బస్సు ఎలా నడిపితే ఏమయిందో అందులోనే ఉంది."

"దీనితో మీకు మెమో వస్తుంది," అన్నారు. వస్తుందని నాకు తెలుసు. మరుసటి రోజు ఆవిడ ఆ రిపోర్టుని ఒక్క అక్షరం మార్చకుండా, కింద తన చేత్తో "సిఫారసు చేయడమైనది" అని రాసి పై ఆఫీసుకి పంపారు. ఆ రెండు మాటలు రాయకపోయినా ఆవిడని ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది.

రెండు రోజుల తర్వాత మూడు బస్సులు కదిలాయి, వేరే సిబ్బందితో. ఆసుపత్రి వాళ్ళు సర్దుబాటు చేసి తెచ్చుకున్న కొత్త పనివాళ్ళు ఎక్కారు. సీట్ల వెనక సుద్దముక్కతో అంకెలు, కండక్టరు చేతిలో పేర్ల జాబితా. ఇదంతా నేను ఇంట్లో కూర్చుని ఫోనులో విన్నాను. చార్టు మాత్రం నేనే వేసి పంపేవాణ్ణి. ఒక్కో బస్సుకి తొమ్మిది పది మంది. జీవితంలో అంత తక్కువ ఓఆర్ ఉన్న చార్టు నేనెప్పుడూ వేయలేదు. మొదటి రోజు ఆ అంకెలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను, మూడో రోజుకి సరదా పుట్టింది.

పద్నాలుగు రోజులు పూర్తయ్యాయి. ఇంకొకరికి కొద్దిపాటి జ్వరం వచ్చి తగ్గింది. గార్డు కూడా కోలుకుని ఇల్లు చేరాడు. మిగిలిన అందరూ క్షేమం. ఇది నా గొప్ప కాదు, అదృష్టం. నా వల్ల జరగకూడనిది జరిగి ఉంటే ఈ జ్ఞాపకం ఇంత నిదానంగా రాయగలిగేవాణ్ణి కాదు.

మేము తిరిగి వచ్చిన మొదటి పొద్దున, క్యాంపస్ స్టాపులో ఎల్లమ్మ మొదటి బస్సు ఎక్కింది. డ్రైవరు వెనక రెండో సీటు, సుద్దతో నాలుగు అంకె. స్వరూప కార్డు చూసి శానిటైజర్ పోసింది. ఎల్లమ్మ బస్సంతా ఒకసారి కలియజూసి, కిటికీలోంచి నాతో అంది.

"ఇంత బస్సు నాకొక్కదానికేనా సారూ? కలెక్టరమ్మ లెక్కనే ఉన్నది."

"రైట్ రైట్," అంది స్వరూప. ఆమె ముఖానికి మాస్కు ఉంది గానీ నవ్వు కళ్ళల్లో తెలుస్తూనే ఉంది. బస్సు సీతాఫల్‌మండి వైపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. చాలా సంతోషం వేసింది. ఖాళీ బస్సు వెళ్ళడం చూసి సంతోషపడడం నాకదే మొదటిసారి.

ఆ ఏడాది బస్సులు నడపాలా, ఆపాలా అని పేపర్లలో, టీవీల్లో చాలా చర్చ జరిగింది. రెండు వైపులా మాట్లాడినవాళ్ళు నాకంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళు. నాకు తెలిసింది చిన్నది. జబ్బు కాలంలో ఒక బస్సు మేలు చేస్తుందో కీడు చేస్తుందో బస్సుని చూసి చెప్పలేం. ఆ రోజు దాని చార్టు ఎవరు, ఏ అలవాటుతో వేశారో చూసి చెప్పాలి. ముప్ఫై మూడేళ్ళు నాకు సుగుణంగా పనికొచ్చిన అలవాటే ఆ నాలుగు రోజులు దోషమైంది. కండక్టరు మొదటి రోజే చెప్పింది. సర్వీసులో చిన్నవాళ్ళ మాట ముందుగా వినడం నేను నేర్చుకోవలసి ఉండింది, ఆలస్యంగా నేర్చుకున్నాను.

మెమో జూన్‌లో వచ్చింది. అనుమతి లేకుండా ట్రిప్పు రద్దు చేసినందుకు అభిశంసన, అంటే తప్పు చేశాడని సర్వీసు రిజిస్టరులో రాసి ఉంచడం. నా రిజిస్టరులో అటువంటిది అదొక్కటే. రిటైరయ్యే ముందు యూనియన్ వాళ్ళు అప్పీలు పెట్టుకోమన్నారు. శుభ్రమైన రిజిస్టరుతో వెళ్ళిపోవచ్చు, తప్పకుండా కొట్టేస్తారు అన్నారు. నేను పెట్టలేదు. ఆ మెమోకి నా రిపోర్టు జతచేసి ఉంది. రెండూ కలిసి ఒకే ఫైలులో ఉన్నాయి. మెమో కొట్టేస్తే ఆ ఫైలు మూసేస్తారు, రిపోర్టు కూడా దానితోనే మూలపడుతుంది. రెండు బస్సులు నడిచే చోట మూడు ఎందుకు నడిచాయో రాసి ఉన్న కాగితం మా డిపోలో మరొకటి లేదు.